జనరేటర్ కొనేముందు చోటు చూడాలి

చిన్న పెట్రోల్ జనరేటర్ కొనబోయేవాళ్లు అంగడిలో ఎన్ని ఫ్యాన్లు తిరుగుతాయని, లీటరుకు ఎంతసేపు నడుస్తుందని అడుగుతారు. ఆ ప్రశ్నలకంటే ముందు ఇంటి దగ్గరే తేల్చుకోవాల్సింది ఒకటుంది: దీన్ని ఎక్కడ పెడతాం? తగిన చోటు లేని ఇంటికి జనరేటర్ ఎంత చవకగా దొరికినా పనికిరాదు. అమెరికా ప్రభుత్వ వినియోగదారుల భద్రతా సంస్థ చెప్పే కొలత ఇది: ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయట, పొగగొట్టం తలుపులకూ కిటికీలకూ ఎదురుగా లేకుండా పెట్టాలి. ధర్మవరంలో గోడకు గోడ ఆనుకున్న నేతగాళ్ల వీధిలో ఆ 20 అడుగులు కొలిస్తే తేలేది పక్కింటి కిటికీ. ముందు గదిలో మగ్గం, వెనక వంట, ఆ మధ్యనే పడక. 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలైన పెనుకొండ ప్రాంతంలో ఒకే వరండాను పంచుకునే అద్దె పోర్షన్లయినా, హిందూపురం బజారులో వెనక దారి లేని అంగళ్లయినా ఇబ్బంది ఇదే. దొంగల భయం, వాన భయం, చప్పుడుకు పక్కవాళ్లు ఏమంటారోనన్న మొహమాటం, అన్నీ కలిసి ఆ యంత్రాన్ని మెట్ల కిందికో, పడసాలలోకో, సగం దించిన షట్టరు వెనక్కో చేరుస్తాయి.

అక్కడ చేరితే ఏమవుతుందో కంటికి కనిపించదు. పెట్రోలు పూర్తిగా కాలనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. ఒక్క జనరేటర్ వందల కార్లు వదిలేంత విషవాయువు వదలగలదని పైన చెప్పిన సంస్థే అంటోంది. కార్లకు ఆ వాయువును తగ్గించే పరికరం ఉంటుంది, ఇంట్లో వాడే చిన్న జనరేటర్లలో చాలావాటికి ఉండదు. అమెరికాలో ఏటా దాదాపు 100 మంది ఇలా చనిపోతున్నారు. మనకు దూరమైన సంగతి కాదిది. 2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు ప్రాణాలు విడిచారు. జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ బండి లోపలికి చేరడమే కారణమని నిపుణుల పరీక్షలో తేలింది.

తలుపులు తెరిచే ఉంచుతాం కదా అంటారు. పాత మిద్దె ఇళ్లవాళ్లు గవాక్షి ఉంది, పొగ పైకి పోతుందంటారు. ఈ వాయువు బరువు దాదాపు గాలి బరువే. అందుకే పొగలా పైకి లేచి పోదు, గదంతా కలిసిపోతుంది. తెరిచిన తలుపులోంచి బయటికి పోవడం ఎంత సులువో, గాలి తిరిగితే లోపలికి రావడమూ అంతే సులువు. ఏళ్లుగా పడసాలలోనే నడుపుతున్నాం, ఏమీ కాలేదన్న మాటకు బలం ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ ఆ ఏళ్లలో కరెంటు పోయింది అరగంటో గంటో. గాలివానకు స్తంభాలు కూలి రాత్రంతా నడపాల్సి వచ్చినప్పుడు, అదీ కిటికీలన్నీ మూసుకుని పడుకున్నప్పుడు, పాత అనుభవం అక్కరకు రాదు.

మరి చోటు లేనివాళ్లు చీకట్లో ఉండాలా? అక్కర్లేదు. చేమగ్గం నేసేవారికి కావలసింది వెలుతురు, గాలి. 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉన్న ఇన్వర్టర్ రెండు ఎల్ఈడీ ట్యూబులనూ రెండు ఫ్యాన్లనూ ఆరు గంటల దాకా నడుపుతుంది. ఆ బ్యాటరీకీ గాలి ఆడే మూల కావాలి, ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కనుక. మరమగ్గం మోటారుకు మాత్రం ఇది చాలదు, నిజమే. ఆ యజమానికి జనరేటర్ తప్పదు కాబట్టే ఆరుబయట పైకప్పు మాత్రమే ఉండి, నాలుగు వైపులా గాలి ఆడే చోటు, గొలుసూ తాళమూ అతని ఖర్చులో మొదటి పద్దు కావాలి. పెట్రోలు డబ్బా పట్టు నూలు దగ్గర పెట్టకూడదనీ, ఇంజన్ చల్లారాకే పోయాలనీ వేరే చెప్పనక్కర్లేదు.

చోటు కుదిరాక కలపడం. జనరేటర్ తీగను గోడ సాకెట్‌లో గుచ్చి ఇల్లంతా వెలిగించుకునే పద్ధతి ఉంది. మెయిన్ ఆఫ్ చేయకపోతే ఆ కరెంటు మీటరు దాటి స్తంభం ఎక్కుతుంది. 11,000 వోల్టులను మన ఇంటికి తగ్గించి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరే వెనక్కి వచ్చిన 230 వోల్టులను వేలల్లోకి పెంచగలదు. చిన్న జనరేటర్ వీధి భారం మోయలేక ఆగిపోతుందని ఎలక్ట్రీషియన్లే అంటుంటారు. వీధంతా దాని మీద పడితే ఆగుతుంది. తీగ మధ్యలో తెగి నాలుగిళ్లే మిగిలినప్పుడు ఆగకపోవచ్చు. తీగ పట్టుకున్న లైన్‌మన్ ప్రాణం తీయడానికి 230 వోల్టులైనా చాలు. మెయిన్ మేమే ఆఫ్ చేస్తామంటే, అర్ధరాత్రి వానలో ఆ పని చేసేది ఇంట్లో ఎవరో ముందే చెప్పలేం. ఫేజునూ న్యూట్రల్‌నూ రెండింటినీ విడదీసే ఛేంజోవర్ స్విచ్ ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడదు. అది పెట్టించలేనివాళ్లు ఇంటి వైరింగు జోలికి పోకుండా, మంచి ఎక్స్‌టెన్షన్ తీగతో ఫ్యాన్లకూ దీపాలకూ నేరుగా ఇచ్చుకోవచ్చు.

జనరేటర్ నడుస్తుండగా ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, తల తిరగడం మొదలైతే ఎండ దెబ్బ అనో, తిన్నది పడలేదనో అనుకోకూడదు. ముందు అందరూ బయటికి రావాలి, ఆ తర్వాత 108కి ఫోన్ చేయాలి. కరోనా కాలంలో కొన్న ఆక్సీమీటర్ వేలికి పెట్టి 98 చూపించిందని ఊరుకోవడం మరీ ప్రమాదం. మామూలు ఆక్సీమీటర్ ఈ విషవాయువు అంటుకున్న హిమోగ్లోబిన్‌నూ ఆక్సిజన్ ఉన్నట్టే లెక్కగడుతుంది. ఆసుపత్రిలోనూ అదే పరికరం మొదట చూస్తారు కనుక, ఇంట్లో జనరేటర్ నడిచిందన్న మాట డాక్టరుకు అన్నిటికంటే ముందు చెప్పాలి.