ముందు నీళ్లు... ఆ తర్వాతే నూనె

స్నానాలగదిలో కొబ్బరినూనె సీసా గడ్డకట్టిందంటే మన ఇళ్లలో చలికాలం వచ్చినట్టే. 24, 25 డిగ్రీల దగ్గర ఆ నూనె పేరుకోవడం మొదలవుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే పిల్లల బుగ్గలు బిరుసెక్కుతాయి, పెద్దవాళ్ల మడమలు పగులుతాయి, ముంజేతి మీద గోటితో గీస్తే తెల్లటి చార పడుతుంది. ఆదిలాబాద్ వైపు వాళ్లకూ లంబసింగి కొండల మీద వాళ్లకూ ఇది రెండు మూడు నెలల బాధ. పొద్దస్తమానం ఏసీ గదిలో కూర్చునేవాళ్లకు ఏడాది పొడవునా ఉండేదే. షికాగోలోనో టొరంటోలోనో హీటర్ పెట్టుకుని నెలల తరబడి గడిపే మనవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

చిట్కాలకు గిరాకీ పెరిగేదీ ఈ కాలంలోనే. ఫోను తెరిస్తే చాలు, కలబంద గుజ్జులో విటమిన్-ఇ గొట్టం పిండి నెల్లాళ్లు వాడమని ఒకరు, తేనెలో నిమ్మరసం కలిపి రాయమని ఇంకొకరు. వీటిలో కొన్ని మంచివే. కొన్ని దండగ. కొన్ని మాత్రం చర్మానికి చేటు. ఏది ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోవడానికి ఒక్క సంగతి తెలిస్తే సగం పని అయిపోతుంది. నూనె చర్మానికి తడి ఇవ్వదు. ఉన్న తడిని పోనివ్వకుండా చూస్తుంది, అంతే. తడి నీళ్ల నుంచే రావాలి.

ఒంటికి కాపలా ఆ పల్చటి పొరే

చర్మంలో అన్నిటికంటే పైనుండే పొర, అరచేతులూ అరికాళ్లూ మినహాయిస్తే, మందంలో మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. చర్మవైద్యులు దాన్ని ఇటుక గోడతో పోలుస్తారు. చచ్చి చదునైపోయిన కణాలు ఇటుకలు. వాటి మధ్య సిమెంటు పని చేసేవి కొవ్వులు: సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు. కణాల లోపల అమైనో ఆమ్లాలు, యూరియా, లాక్టిక్ ఆమ్లం వంటివి ఉండి తడిని పట్టి ఉంచుతాయి. పొగలు కక్కే నీళ్లతో స్నానం చేసి, సబ్బు రెండుసార్లు రుద్దితే ఆ కొవ్వు కొంత కొట్టుకుపోతుంది. చర్మం పైభాగం పీహెచ్ 5 దగ్గర ఉంటే, మామూలు సబ్బుది 9, 10 దాకా ఉంటుంది. పైగా చలిగాలిలో తేమ తక్కువ. సందు దొరకగానే లోపలి నీరు ఆవిరైపోతుంది. ఆ తర్వాత మిగిలేది దురద, చిటపట, పొట్టు.

కంపెనీ క్రీమైనా ఇంట్లో కలిపిన లేపనమైనా చేయగలిగినవి మూడే పనులు. తడిని పట్టి ఉంచడం ఒకటి, దానికి గ్లిజరిన్, తేనె, కలబంద. కణాల సందులు పూడ్చి నునుపు చేయడం రెండోది, దానికి నూనెలు. పైన మూత వేసినట్టు నీటిని అడ్డుకోవడం మూడోది, దానికి మైనం, వ్యాజిలీన్, కొంతవరకు నెయ్యి. అందుకే చర్మవైద్యులు స్నానమైన మూడు నిమిషాల్లోపే, తువ్వాలుతో అద్దుకుని ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే రాసుకోమంటారు. అరగంట ఆగి పొడి చర్మం మీద ఎంత ఖరీదైన నూనె రాసినా అది మూత వేసేది ఖాళీ గిన్నె మీదే.

ఈ లెక్కలో చూస్తే మన తలంటు పద్ధతి ఎంత తెలివైనదో తెలుస్తుంది. భోగినాడో దీపావళినాడో ముందు ఒంటికి నువ్వుల నూనె పట్టించేవారు, కాసేపు నాననిచ్చేవారు, ఆపై సున్నిపిండితో నలుగు పెట్టేవారు. పిండి అదనపు నూనెను మాత్రమే పీల్చుకుని, సన్నటి పొరను ఒంటి మీద వదిలేస్తుంది. ఇప్పుడు చాలామంది నూనె జిడ్డని మానేసి, ప్యాకెట్ సున్నిపిండి ఒక్కటే రోజూ రుద్దుకుంటున్నారు. పొడి చర్మానికి అది మేలు కాదు. పిండికి పీల్చుకోవడానికి నూనె దొరకక, చర్మం మీది సొంత జిడ్డునే లాగేస్తుంది. ముల్తానీ మట్టిదీ అదే గుణం. జిడ్డు ముఖాలకు సరే, చలికాలంలో పగిలిన చర్మానికి వద్దు.

సున్నిపిండి మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. పాత తయారీ పద్ధతుల్లో కచ్చూరాలు, వట్టివేళ్లతో పాటు బావంచాలు కూడా కలుపుతారు. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని, అతినీలలోహిత కిరణాలను కలిపి వైద్యులు బొల్లి చికిత్సలో వాడతారు. కారణం, అది చర్మాన్ని ఎండకు బాగా స్పందించేలా చేస్తుంది. అదే పిండి రుద్దుకుని ఎండలోకి వెళితే చర్మం కందిపోయి మచ్చలు పడే ప్రమాదముంది. బావంచాలు లేకుండా ఆడించుకుంటే పోయేదేమీ లేదు. నిమ్మరసం ముఖానికి రాసుకుని ఎండలో తిరిగేవాళ్లకు కూడా ఇదే తంటా. నిమ్మలోనూ ఆ జాతి పదార్థాలే ఉంటాయి, పైగా దాని పులుపు చర్మం తట్టుకునే పులుపు కాదు. నిమ్మకాయను పప్పులోకి, పులిహోరలోకి ఉంచుదాం.

మైనం, నూనె... వంటింట్లో పావుగంట పని

ఇంట్లో ధైర్యంగా చేసుకుని నెలల తరబడి వాడుకోదగినది ఏమిటని అడిగితే నా సమాధానం ఒక్కటే: తేనెమైనం, నూనె కలిపిన లేపనం. అందులో నీటిచుక్క ఉండదు. నీరు లేనిచోట బ్యాక్టీరియా, బూజు పెరగలేవు.

కావలసినవి తేనెమైనం, నూనె, ఒక చిన్న తూకం. చెంచాల లెక్క వద్దు, మైనం ముక్కలు చెంచాలో సరిగ్గా ఇమడవు. పెదాలకు, మడమలకు గట్టిగా కావాలంటే 20 గ్రాముల మైనానికి 80 గ్రాముల నూనె. చేతులకు, ఒంటికి మెత్తగా కావాలంటే 12 గ్రాముల మైనానికి 88 గ్రాముల నూనె. పొయ్యి మీద వెడల్పాటి గిన్నెలో నీళ్లు కాచి, అందులో చిన్న స్టీలు గిన్నె పెట్టి మైనం కరిగించాలి. నేరుగా మంట మీద పెట్టకూడదు, మైనం అంటుకునే స్వభావమున్నది. 62 నుంచి 65 డిగ్రీల మధ్య అది కరిగిపోతుంది. అప్పుడు నూనె పోయాలి. చల్లటి నూనె తగలగానే కొంత మైనం మళ్లీ గడ్డకడుతుంది, కంగారు పడకుండా కలుపుతూ ఉంటే మళ్లీ కరుగుతుంది.

సీసాల్లోకి పోసేముందు రెండు చుక్కలు చల్లటి స్టీలు పళ్లెం మీద వేసి చూడండి. పాకం చూసిన చేతికి ఇది కొత్త విద్యేమీ కాదు. గట్టిగా ఉంటే ఇంకాస్త నూనె, జారుగా ఉంటే ఇంకాస్త మైనం. రామగుండంలో, రెంటచింతలలో మే నెల ఎండకు నిలవాలంటే మైనం పాలు పెంచుకోవాల్సిందే. సీసాలో, డబ్బాలో, చివరికి గరిటె కొసకైనా తడి ఉండకూడదు. వాడేటప్పుడు కూడా తడి వేళ్లు పెట్టకండి.

మైనం విషయంలో ఒక జాగ్రత్త. కొవ్వొత్తుల దుకాణంలో అమ్మేది ఎక్కువగా పారఫిన్. తేనెమైనం లేత పసుపు నుంచి ముదురు పసుపు దాకా ఉంటుంది, చేతిలో నలిపితే తేనె వాసన వస్తుంది. తేనెపట్టు పిండి తేనె తీసేశాక మిగిలిన దాన్ని వేడినీటిలో కరిగించి, వడగడితే వచ్చేదే అది. తేనెటీగలు పెంచేవాళ్లను అడిగితే దొరుకుతుంది.

నూనెల్లో ఏది? ఇక్కడ నాకు పక్షపాతం ఉంది, నువ్వుల నూనెకే నా ఓటు. అందులో ఒలిక్, లినోలిక్ ఆమ్లాలు దాదాపు సమపాళ్లలో ఉంటాయి. చర్మం తన సెరమైడ్లను కట్టుకోవడానికి లినోలిక్ ఆమ్లం కావాలి. పొద్దుతిరుగుడు నూనెలో అది ఇంకా ఎక్కువ. వంటింటి నూనె అని తీసిపారేయకండి. ఢాకాలోని శిశు ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు పొద్దుతిరుగుడు నూనె మర్దన చేయించి చూశారు. నూనె రాయని పిల్లలతో పోలిస్తే వాళ్లకు ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్ల ముప్పు 41 శాతం తగ్గిందని 2005లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. అది వైద్యుల పర్యవేక్షణలో జరిగిన పని. అలాంటి పసికందులకు ఇంట్లో సొంత ప్రయోగాలు వద్దు.

ఖరీదు పెట్టి కొనే ఆలివ్ నూనెకు మాత్రం ఆ మర్యాద దక్కలేదు. షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో పెద్దవాళ్ల ముంజేతుల మీద కొన్ని వారాలు రాసి చూస్తే, ఆలివ్ నూనె పైపొరను బలహీనపరిచిందని తేలింది. పొద్దుతిరుగుడు నూనె ఆ పని చేయలేదు. సాలడ్‌లో పోసుకోండి, ఒంటికి వద్దు. కొబ్బరినూనెకు మంచి పేరే ఉంది. ఫిలిప్పీన్స్‌లో ఎగ్జిమా ఉన్న పిల్లల మీద జరిపి 2014లో ప్రచురించిన అధ్యయనంలో వర్జిన్ కొబ్బరినూనె మినరల్ ఆయిల్ కంటే మెరుగనిపించుకుంది. మొటిమల ముఖాలకు మాత్రం అది పడకపోవచ్చు. ఆముదం చిక్కన, ఒక్కటే రాస్తే బంకబంకగా ఉంటుంది, మడమల లేపనంలో పదో వంతు కలిపితే చాలు. ఆదిలాబాద్ గోండుల ఇళ్లలో ఇప్ప పలుకుల నూనె వాడుక. ఆ నూనె చల్లదనానికి తనంతట తానే వెన్నలా పేరుకుంటుంది కాబట్టి మైనం అవసరం కూడా తక్కువే. దొరికితే వదలకండి.

ఏ నూనైనా గానుగ పట్టించిన తాజాది కొద్దిగా కొనండి. వెలుతురు, వేడి, గాలి తగిలితే నూనె కనరెక్కుతుంది. విటమిన్-ఇ గొట్టం ఒకటి వేస్తే ఆ కనరు ఆలస్యమవుతుంది. అంతవరకే దాని పని. బ్యాక్టీరియాను అది చంపదు.

నీళ్లు కలిస్తే ఆ పూటకే

అసలు చిక్కు ఇక్కడే. రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ తేనెమైనం, ఆలివ్ నూనె కరిగించి అందులో గులాబీనీరు కలిపాడు. నేటి కోల్డ్ క్రీముకు అదే మూలం. మన ఆయుర్వేదంలో శతధౌత ఘృతం ఉంది. ఆవునెయ్యిని రాగి పాత్రలో వేసి, నీళ్లు పోసి, చేత్తో మథించి, ఆ నీళ్లు వంచేసి, మళ్లీ పోసి, ఇలా వందసార్లు చేస్తారు. చివరికి నెయ్యి వాసన పోయి తెల్లటి వెన్నముద్దలా తేలుతుంది. ఓపిక ఉంటే తప్పక చేసి చూడాల్సిన పని. రాసుకుంటే చల్లగా ఉంటుంది, కారణం అందులో చిక్కుకున్న నీరే. ఆ నీరే దాన్ని పాడుచేసేది కూడా. కాబట్టి రెండు చెంచాల నెయ్యితోనే చేసి, ఫ్రిజ్‌లో పెట్టి, కొద్దిరోజుల్లో అయిపోగొట్టండి.

కలబంద గుజ్జు, బియ్యం కడుగు, దోసకాయ రసం, పెరుగు, మీగడ... వీటిలో ఏది కలిసినా ఆ లేపనం ఆ పూటకే. నెల్లాళ్లు నిల్వ ఉంచే కలబంద క్రీము వీడియోలు నమ్మకండి. కంటికి బాగానే కనబడుతుంది, వాసనా మారదు, లోపల బ్యాక్టీరియా మాత్రం లక్షల్లో పెరిగి ఉండొచ్చు. పగిలిన చర్మానికి దాన్ని రాస్తే కోరి పుండు తెచ్చుకోవడమే. కంపెనీలు ప్రిజర్వేటివ్ వేసేది ఇందుకే. ఆ మాట వినగానే ముఖం చిట్లించాల్సిన పని లేదు.

కలబంద మట్ట కోశాక పావుగంట నిలబెట్టి ఉంచితే పసుపచ్చటి జిగురు కారిపోతుంది. దురద పెట్టేది అదే, గుజ్జు కాదు. పెరుగులో, పులిసిన మీగడలో ఉండే లాక్టిక్ ఆమ్లం చర్మానికి పరాయిది కాదు. రాసి పది నిమిషాలకు కడిగేసి, ఆ చెమ్మ మీదే నూనె అద్దుకుంటే బాగుంటుంది. గ్లిజరిన్ మందుల షాపులో చవగ్గా దొరుకుతుంది. ఒక వంతు గ్లిజరిన్‌కు మూడు వంతుల గులాబీనీరు కలిపి, రాత్రి చేతులకు రాసుకుని, పైన మైనం లేపనం పట్టిస్తే పొద్దున్నే తేడా తెలుస్తుంది. ఏ రాత్రికి ఆ రాత్రే కలుపుకోండి.

సహజమైనదంతా మంచిదనే భ్రమ కూడా వదిలించుకుందాం. పరిమళ తైలాలు మొక్కల నుంచే వస్తాయి, అయినా కొందరికి వాటితో దద్దుర్లు తప్పవు. లేపనంలో వాటిని వేయకపోవడమే ఉత్తమం. మరోవైపు, పెట్రోలియం నుంచి తీసిన వ్యాజిలీన్ కంటే బాగా నీటిని ఆపే వస్తువు వంటింట్లో లేదు. అమెరికాలో రాబర్ట్ చీజ్‌బ్రో దానికి 1872లో పేటెంట్ తీసుకున్నాడు. పగిలిన మడమకు తడి చేసి వ్యాజిలీన్ రాసి సాక్సు వేసుకుంటే చాలు, ఏ చిట్కా అక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం మడమల పగుళ్లను చిట్కాలకు వదలకుండా డాక్టరుకు చూపించాలి. రక్తం చిమ్మినా, చీము పట్టినా, నిద్ర పట్టనంత దురద పెట్టినా ఎవరికైనా అంతే.

కొత్తది ఏదైనా ముందు మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు చొప్పున వారం, పది రోజులు రాసి చూడండి. ఎర్రబడకపోతే ముఖానికి వెళ్లండి.

చేయి తిరిగాక ఇరుగుపొరుగుకు, ఆపై వాట్సాప్‌లో అమ్మాలనిపించడం సహజం. ఇంట్లోవాళ్లకు చేసుకోవడం వేరు, అమ్మడం వేరు. అమ్మకానికి సౌందర్య సాధనాలు తయారుచేయాలంటే 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం లైసెన్సు తప్పనిసరి. మీరు కొనేవారైతే, ఇంటి తయారీ అని చెప్పి ఇచ్చే డబ్బా మీద లైసెన్సు నంబరు, తయారీ తేదీ, కలిపిన వస్తువుల జాబితా ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే కొనకండి.