కుక్కకు కొత్త క్లాసు, కొత్త ట్రైనర్

పెంపుడు కుక్కను ఒక శిక్షణ క్లాసు మాన్పించి మరో దానిలో చేర్చడం పైకి కనిపించేంత చిన్న పని కాదు. బడి మారిన పిల్లాడికి ఎందుకు మారాల్సి వచ్చిందో నచ్చజెప్పవచ్చు. కుక్కకు ఆ వీలు లేదు. పాత మైదానంలో నేర్చిన మాటలు, అలవాట్లు, భయాలు అన్నీ మోసుకునే కొత్త చోటికి వస్తుంది. వాటిలో ఏది ఉంచాలో, ఏది వదిలించాలో ఇంటివాళ్లు తేల్చుకోవాలి.

ఇల్లు మారడం, క్లాసు వేళలు కుదరకపోవడం వంటి కారణాలతో మారేవాళ్లకు పెద్ద చిక్కేమీ ఉండదు. ‘మూడు నెలలైనా ఏమీ నేర్వలేదు’ అన్న విసుగుతో మార్చేవాళ్లే కాస్త ఆగి చూసుకోవాలి. నగరాల్లో చాలా ఇళ్లకు ట్రైనరే వస్తాడు. కుక్కను తీసుకెళ్లి అరగంట నేర్పించి, మళ్లీ అప్పగించి వెళ్తాడు. ఆయన ‘సిట్’ అంటే ఠక్కున కూర్చునే కుక్క యజమాని అంటే దిక్కులు చూస్తుంది. అది మొండితనం కాదు. కుక్క తన పాఠాన్ని మనిషితో, చోటుతో ముడిపెట్టి నేర్చుకుంటుంది. మైదానంలో వచ్చిన పాఠాన్ని వరండాలో ఒకసారి, వీధి గేటు దగ్గర మరోసారి, ఇంట్లో ప్రతి మనిషితోనూ మళ్లీ నేర్పాల్సిందే. ఆ సాధన లేనప్పుడు ట్రైనర్‌ను ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. యజమాని చేతికే లీష్ ఇచ్చి, ఆయనకే నేర్పే క్లాసుకు మారితే మాత్రం మేలు జరుగుతుంది.

భయం కారణమైనప్పుడు ఆలోచించాల్సిన పనే లేదు, వెంటనే మానేయాలి. క్లాసు గేటు కనబడగానే తోక కాళ్ల మధ్య ముడుచుకోవడం, చెవులు వెనక్కి వాల్చడం, మాటిమాటికీ పెదాలు నాక్కోవడం, నిద్ర వేళ కాకున్నా ఆవలించడం, కంటి తెల్లగుడ్డు కనబడేలా పక్కచూపు చూడడం దీనికి గుర్తులు. మన ఎండలకు రొప్పడం మామూలే కాబట్టి దాన్నొక్కదాన్నే చూసి భయమనుకోకూడదు.

ఈ భయం వెనక పెద్ద చరిత్రే ఉంది. జర్మనీలో పోలీసు కుక్కలకు శిక్షణ ఇచ్చిన కోన్రాడ్ మోస్ట్ 1910లో రాసిన పుస్తకం తర్వాతి తరాల ట్రైనర్లకు దారి చూపింది. గొలుసు గుంజడం, తప్పుకు శిక్ష వేయడం ఆ పద్ధతిలో ముఖ్యం. అది పోలీసు, సైనిక శిబిరాల నుంచి మామూలు ఇళ్లకూ పాకింది. రెండో దారి, మంచి పనికి వెంటనే బహుమతి ఇచ్చి దాన్ని బలపరచడం. మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగశాలలో తేల్చిన సూత్రాలే దీనికి పునాది. డాల్ఫిన్లకు నేర్పిన కేరెన్ ప్రయర్ 1984లో వెలువరించిన పుస్తకంతో ఇది కుక్కల యజమానుల్లోకి బాగా వెళ్లింది. లీష్ కట్టి గుంజే వీలు డాల్ఫిన్‌తో లేదు. విజిల్ ఊది, చేప అందించి నేర్పాలి. కుక్కల క్లాసుల్లో ఆ విజిల్ పనిని ‘టిక్’ మనే క్లిక్కర్ చేస్తుంది.

ఈ రెండు దారుల తేడాను పోర్చుగల్ పరిశోధకులు 7 శిక్షణ కేంద్రాలకు చెందిన 92 కుక్కలపై పరిశీలించి 2020లో ఫలితాలు ప్రకటించారు. శిక్షలు ఎక్కువగా వాడే చోట కుక్కల్లో ఒత్తిడి గుర్తులు ఎక్కువ కనిపించాయి. క్లాసు తర్వాత వాటి లాలాజలంలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ కూడా ఎక్కువగా పెరిగింది. ఇంకో పరీక్షలో, ఒక చోట పెట్టిన గిన్నెలో ఎప్పుడూ తిండి ఉంటుందని, మరో చోట గిన్నె ఎప్పుడూ ఖాళీ అని ముందు అలవాటు చేశారు. తర్వాత గిన్నెను ఆ రెండింటి మధ్య పెట్టారు. శిక్షలు ఎక్కువగా చవిచూసిన కుక్కలు దాని దగ్గరకు మెల్లగా వెళ్లాయి. అందులో ఏదో దొరుకుతుందన్న ఆశ వాటికి తక్కువ. క్లాసులో పడ్డ దెబ్బ క్లాసు బయటా వెంటాడుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అమెరికాలో జంతు ప్రవర్తనపై పనిచేసే పశువైద్యుల సంఘం 2021లో అన్ని రకాల శిక్షణకూ బహుమతి పద్ధతులే వాడాలని స్పష్టం చేసింది.

‘కుక్కకు బాస్ ఎవరో చూపించాలి’ అనే ట్రైనర్లు ఇప్పటికీ ఉన్నారు. బందీగా ఉంచిన తోడేళ్లు గుంపులో పెత్తనం కోసం పోట్లాడుకోవడం చూసి 1947లో చేసిన పరిశీలన ఈ మాటకు మూలం. దీన్ని తన పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చిన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ 1999లో తానే సరిదిద్దుకున్నాడు. అడవిలో తోడేళ్ల గుంపు అంటే తల్లి, తండ్రి, పిల్లలున్న కుటుంబమేనని చెప్పాడు.

భారతదేశంలో కుక్కల ట్రైనర్‌గా పనిచేయడానికి ప్రభుత్వ లైసెన్సేమీ అవసరం లేదు. జంతువును కొట్టి అనవసరంగా బాధపెట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరమే అయినా, మొదటిసారి తప్పుకు పడే జరిమానా 10 నుంచి 50 రూపాయలు మాత్రమే. కాబట్టి కుక్కకు అసలు రక్షణ యజమాని కళ్లే. ఫీజు కట్టకముందు, కుక్కను ఇంట్లోనే వదిలి, ఒక క్లాసు మొత్తం కూర్చుని చూడాలి. చూడనివ్వని చోట చేర్చకూడదు. కుక్క తప్పు చేసినప్పుడు ట్రైనర్ ఏం చేస్తాడో గమనించాలి. వారంలో దేన్నైనా బాగుచేస్తానని హామీ ఇచ్చేవాళ్లనూ, షాక్ కాలర్ తీసేవాళ్లనూ నమ్మకూడదు.

చేరేటప్పుడు టీకాల కార్డుతో పాటు పాత క్లాసులో వాడిన మాటలు, చేతి సైగలు రాసి ఇవ్వాలి. కుక్క ఎవరినైనా కరిచి ఉంటే దాచకుండా చెప్పాలి. మాటల విషయంలో ఇంట్లోనే గందరగోళం ఉంటుంది. ట్రైనర్ ‘డౌన్’ అంటే పడుకోమని. సోఫా దిగమని ఇంట్లో అరిచేదీ ‘డౌన్’ అనే. నాయనమ్మ ‘కూర్చో’ అంటుంది, మనవడు ‘సిట్’ అంటాడు. కుక్కకు తెలుగైనా ఇంగ్లీషైనా ఒకటే, ఒక పనికి ఒకే శబ్దం ఉంటే చాలు. మాట మార్చాల్సివస్తే కొత్త మాట ముందు పలికి, ఒక క్షణం ఆగి పాతది అనాలి. కొన్ని రోజులకు పాత మాట వినకముందే కుక్క ఆ పని చేస్తుంది. ఈ వరస తిరగబడితే కుదరదు. పాత మాట వినగానే పని అయిపోతుంది, కొత్తది చెవికెక్కదు. ‘కమ్’ అని పిలిచి కొట్టిన చరిత్ర ఉంటే ఆ మాటను పూర్తిగా వదిలేసి, ‘దా’ వంటి కొత్త మాటను ఇంట్లో ఉడికించిన చికెన్ ముక్కతో మొదటి నుంచి నేర్పాలి. భయపెట్టిన పాత గొలుసును కూడా పక్కన పడేసి ఛాతీకి తొడిగే బెల్టు వాడాలి.

మొదటి రోజు కొత్త మైదానం అంచునే నిలబడాలి. ఇంట్లో ఆబగా తినే చికెన్‌ను అక్కడ ముట్టకపోతే ఒత్తిడి ఎక్కువైనట్టు. ఇంకా దూరం జరగాలి, ఆ రోజు పాఠం చెప్పకపోయినా నష్టం లేదు. తిన్నాక ఒక్కో అడుగు లోపలికి తేవాలి. పాత చోట బాగా భయపడ్డ కుక్కకు ఇందుకు వారాలు పట్టవచ్చు, తొందరపెట్టని ట్రైనరే దానికి తగినవాడు. కొన్నాళ్లకు అది తోక ఊపుకుంటూ లీష్‌ను తానే గేటు వైపు లాగితే క్లాసు కుదిరినట్టే.