పేరు గాలిది, ముప్పు నీటిది

2021 నవంబరులో కడప జిల్లాను ముంచెత్తిన విపత్తుకు తుఫాను అన్న పేరు లేదు. ఆ నెల 19న తెల్లవారుజామున చెన్నై సమీపంలో తీరం దాటినది ఒక వాయుగుండం మాత్రమే. అయినా ఆ రోజే చెయ్యేరుపై అన్నమయ్య జలాశయం కట్ట తెగి, దిగువ గ్రామాల్లో పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ వరదల్లోనే, వెలిగల్లు జలాశయం నుండి వదిలిన నీటితో పాపాఘ్ని పొంగి కమలాపురం వద్ద వంతెన కూలిపోయింది. చినుకు కోసం ఎదురుచూసే సీమలో, తుఫాను అని పిలవడానికైనా చాలని గాలివాన ఇంత నష్టం ఎలా చేసింది? దీనికి జవాబు కొంత ప్రకృతిలో ఉంది, కొంత తుఫానుల శాస్త్రం పుట్టిన తీరులో ఉంది.

నావికుల కోసం పుట్టిన విద్య

1821లో అమెరికాలో ఒక పెనుగాలి వీచిన తరువాత, విలియం రెడ్‌ఫీల్డ్ అనే పరిశీలకుడు కూలిన చెట్లను గమనించాడు. ఒకచోట చెట్లు ఒక దిక్కుకు, మరోచోట దానికి ఎదురు దిక్కుకు పడి ఉన్నాయి. గాలి సుడి తిరుగుతూ సాగిందని ఆయన గ్రహించాడు.

మన బంగాళాఖాతంలో ఈ పరిశోధనను ముందుకు నడిపినవాడు కలకత్తాలో నివసించిన హెన్రీ పిడింగ్టన్. ఒకప్పుడు ఓడ కెప్టెన్ అయిన ఆయన, నౌకల దినచర్య పుస్తకాలు సేకరించి, ఏ వేళకు ఏ ఓడ వద్ద గాలి ఎటు వీచిందో పోల్చి చూశాడు. గోదావరి ముఖద్వారం వద్ద 1839లో కోరంగిని తుడిచిపెట్టిన ఉప్పెన ఆయన పరిశీలించిన తుఫానుల్లో ఒకటి. పాము చుట్టను స్ఫురింపజేసే గ్రీకు మాట నుండి ‘సైక్లోన్’ అనే పేరు కల్పించి, 1848లో నావికుల కోసం గ్రంథం ప్రచురించాడు.

1864 అక్టోబరులో కలకత్తాను, నవంబరు 1న మచిలీపట్నాన్ని తుఫానులు ముంచాయి. మచిలీపట్నం ప్రాంతంలోనే సుమారు 30,000 మంది మరణించారు. ఆ తుఫానులు, వాటి వెంట వచ్చిన కరవుల అనుభవంతో 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది.

ఓడను ముంచేది గాలి, అలలు. కనుక నావికుల కోసం పుట్టిన ఈ శాస్త్రానికి గాలివేగమే కొలబద్ద అయింది. నేటికీ గంటకు 31 నుండి 50 కిలోమీటర్ల గాలి ఉంటే వాయుగుండం, 62 కిలోమీటర్లకు చేరితేనే తుఫాను. ఈ మెట్లలో వర్షానికి చోటు లేదు. ఇక్కడొక విశేషం ఉంది. అరబ్బీ నుండి ఫార్సీ, ఉర్దూల మీదుగా మనకు చేరిన తుఫాను అనే మాట, దివ్య ఖుర్ఆన్‌లో నూహ్ (అలైహిస్సలాం) జాతిని ముంచిన జలప్రళయానికి వాడబడింది. మాట నీటిది, కొలత గాలిది!

వార్త ప్రాణాలు కాపాడింది

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు 10,000 మంది మరణించారు. తరువాత తీరంలో రాడార్లు, ఆకాశంలో ఉపగ్రహాలు, గ్రామాల్లో తుఫాను ఆశ్రయాలు పెరిగాయి. 1990 మే నెలలో కృష్ణా ముఖద్వారం వద్ద తీరం దాటిన పెనుతుఫానులో మృతులు వెయ్యి లోపే. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన తుఫానులో ఆ సంఖ్య పదులకు తగ్గింది. ముందే లక్షలాది ప్రజలను తరలించడమే అందుకు ముఖ్య కారణం.

ఆ తుఫానుకు ఒమన్ దేశం సూచించిన పేరు హుద్‌హుద్. సులైమాన్ (అలైహిస్సలాం) వద్దకు దూరదేశపు వార్త తెచ్చిన పక్షి అదే. ఆయన ఆ వార్తను త్రోసిపుచ్చలేదు, విని ఊరకుండనూ లేదు. నిజానిజాలు తేల్చడానికి వెంటనే పూనుకున్నారు. హెచ్చరిక విన్న మనకూ ఇదే తగిన పద్ధతి.

సీమ వినవలసిన మాట

భూమిపైకి రాగానే సుడిగాలికి వెచ్చని సముద్రపు ఆసరా తప్పి బలం తగ్గుతుంది. కాని అది మోసుకొచ్చిన తేమ పోదు. శేషాచలం, వెలికొండ వంటి కొండలను ఒరుసుకుని మేఘాలు పైకి లేచి కుండపోతగా కురుస్తాయి. రాతినేల నీటిని పట్టి ఉంచదు. ఏడాదిలో అధికభాగం ఇసుకతో కనిపించే వంక కొన్ని గంటల్లోనే నదిగా మారుతుంది. అక్కడ చినుకు పడకపోయినా, ఎగువన కురిసిన వాన చాలు.

కాబట్టి కమలాపురం వంటి ఊళ్లలోని కుటుంబాలు “తుఫానా, వాయుగుండమా?” అని మాత్రమే అడగరాదు. “ఎంత వాన? ఎగువ జలాశయం గేట్లు ఎత్తారా?” అని అడగాలి. వాతావరణ శాఖ వర్షసూచనల్లో పసుపు రంగు గమనించమని, నారింజ రంగు సిద్ధంగా ఉండమని, ఎరుపు రంగు వెంటనే కదలమని చెబుతుంది. ఒక్క రోజులో 20 సెంటీమీటర్లకు పైగా వాన పడుతుందంటే అది అత్యంత భారీ వర్షం. ఆ మాట వినగానే వృద్ధులను, పిల్లలను, పశువులను మెరకకు చేర్చాలి. నీరు పొర్లే వంతెనను దాటే సాహసం ఎవరూ చేయకూడదు. మస్జిదు మైకులో ఆ వార్త ఒక్కసారి వినిపిస్తే ఫోను లేని ఇంటికీ చేరుతుంది.

రెండు వందల ఏళ్ల పరిశోధన మనకు కొన్ని గంటల వ్యవధిని సంపాదించి పెట్టింది. ఆ గంటలను వృథా చేయకపోవడం మన బాధ్యత.