మిగిలిన మాత్రలు దాస్తున్నారా?

ఆవకాయ జాడీ మూత తీయగానే బూజు కనిపిస్తే మన ప్రాణం ఉసూరుమంటుంది. 1928 సెప్టెంబరులో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ సెలవుల నుంచి తిరిగొచ్చి చూసుకుంటే, సూక్ష్మజీవుల్ని పెంచుతున్న గాజుపళ్ళెంలో అలాగే బూజు పట్టి ఉంది. ఆయన పారేయలేదు. బూజు చుట్టూ సూక్ష్మజీవులు కరిగిపోయి ఉండటం గమనించాడు. పెన్సిలిన్ అలా దొరికింది. ఇంతవరకూ మన పిల్లల పాఠాల్లో ఉన్నదే.

తర్వాతి కథ నాకు ఇంకా నచ్చింది. ఆ బూజులోంచి మందు తీయడం ఫ్లెమింగ్ వల్ల కాలేదు. పదేళ్ళు దాటాక ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్, హీట్లీ పూనుకున్నారు. యుద్ధకాలం, సామాను దొరకదు. బిస్కెట్ డబ్బాలు, పాల క్యాన్లు, ఆఖరికి ఆసుపత్రి బెడ్‌పాన్లలో కూడా బూజు పెంచారట! ఆ చాకిరీకి ఆరుగురు అమ్మాయిల్ని పెట్టుకున్నారు. వాళ్ళని 'పెన్సిలిన్ గర్ల్స్' అనేవాళ్ళు. 1945లో నోబెల్ మాత్రం ముగ్గురు మగవాళ్ళకే వచ్చింది. పాపం, హీట్లీకీ రాలేదనుకోండి.

1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకి ఈ మందు ఎక్కించారు. ముఖమంతా చీము పట్టి, అప్పటికే ఒక కన్ను తీసేసిన మనిషి. జ్వరం దిగింది, అన్నం సహించింది. మందు చాలక, అతని మూత్రంలోంచి పెన్సిలిన్ తిరిగి తీసి మళ్ళీ అతనికే ఎక్కించారు. అదీ అయిపోయింది. మార్చిలో అతను పోయాడు. మరుసటి ఏడాది అమెరికాలో ఆన్ మిల్లర్ అనే ఆవిడ గర్భస్రావం తర్వాత నెలరోజులు జ్వరంతో చావుబతుకుల్లో ఉంది. పెన్సిలిన్ ఇచ్చిన మర్నాటికే జ్వరం తగ్గింది. ఆవిడ తొంభై ఏళ్ళు బతికింది!

మనవాళ్ళ పాత్రా ఉందండోయ్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకి సారథిగా ఉన్నప్పుడే, అక్కడ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే పెద్దబిడ్డ.

ఇంత కష్టపడి సాధించిన మందు ఎలా పాడవుతుందో ఫ్లెమింగే తన నోబెల్ ప్రసంగంలో ఒక చిన్న కథగా చెప్పాడు. ఒకాయనకి గొంతునొప్పి. తనే పెన్సిలిన్ కొనుక్కుని అరకొరగా వాడాడు. క్రిములు చావకపోగా మందుకి అలవాటుపడ్డాయి. అవే భార్యకి అంటుకున్నాయి. ఆవిడకి న్యుమోనియా వస్తే పెన్సిలిన్ పనిచేయలేదు, చనిపోయింది. తప్పు మొగుడిది, ప్రాణం పెళ్ళానిది! ఇది 1945లో చెప్పిన మాట.

అన్నట్టే అయింది. పెన్సిలిన్‌కి లొంగని క్రిముల కోసం 1959లో మెథిసిలిన్ తెచ్చారు. 1961కల్లా దానికీ లొంగనివి బ్రిటన్‌లో కనిపించాయి. మరి కొన్ని క్రిములు ఇరవై నిమిషాలకోసారి రెండవుతాయి. మందుకి చచ్చేవి చస్తాయి, తట్టుకున్నవి పిల్లల్ని పెడతాయి. పైగా, మనం పక్కింటావిడకి వంట చిట్కా చెప్పినట్టు, ఆ తట్టుకునే విద్యని వేరే జాతి క్రిములకీ అందిస్తాయి! 2019లో ఇలాంటి మొండి క్రిముల వల్లే ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేలమంది పోయారని అంచనా.

అయినా మన ఇళ్ళలో ఏం జరుగుతోంది? పిల్లాడికి జలుబు చేస్తే కిందటిసారి మిగిలిన మాత్రలు వెతుకుతాం. జలుబు వైరస్ వల్ల వస్తుంది, యాంటీబయాటిక్ దాన్నేమీ చేయలేదు. రెండ్రోజులకి తగ్గిందంటే అది మాత్ర మహిమ కాదు, తగ్గే రోజులొచ్చి తగ్గింది. ఇక మెడికల్ షాపు సంగతి. 2014 మార్చి నుంచి కొన్ని శక్తిమంతమైన యాంటీబయాటిక్స్ 'హెచ్1' జాబితాలో ఉన్నాయి. వాటిని అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టర్‌లో రాయాలి. ఎంతమంది రాస్తున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఈసారి మీ మందుల డబ్బాలోని స్ట్రిప్ తిప్పి చూడండి. నిలువుగా ఎర్రగీత ఉంటే అది డాక్టరు చీటీ మీదే వాడాల్సిన మందు.