బ్రోచర్‌లో రోమ్, రేవులో చివితావెక్కియా

జంషెడ్‌పూర్‌లో నదులు రెండున్నాయి, సముద్రం మాత్రం లేదు. సువర్ణరేఖ, ఖర్కాయి కలిసే ఊళ్లో ఉంటూ ఓడెక్కాలంటే ముందు టాటానగర్ స్టేషన్‌లో రైలెక్కాలి. అయినా తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ‘టాటా’కు వచ్చి, ఉక్కు కర్మాగారంలో పని చేసి, కదమా, బిష్టుపూర్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు క్రూజ్ అన్నది ఇప్పుడు కొత్త మాట కాదు. సింగపూర్ వెళితే ప్యాకేజీలోనే మూడు రాత్రుల ఓడ ప్రయాణం కలిపి అమ్ముతున్నారు. ముంబైలో 2021 నుంచి కొర్డీలియా వారి ‘ఎంప్రెస్’ తిరుగుతోంది. విశాఖలో దాదాపు 96 కోట్లతో కట్టిన అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో మొదలైంది. వీటిలో ఒకటో రెండో చూసేసినవాళ్ల కళ్లు తర్వాత మధ్యధరా సముద్రం మీద పడతాయి. ‘ఓడ ఎలా ఉంటుందో మనకు తెలిసిందేగా’ అన్న ధీమాతో డబ్బు కట్టేస్తారు. చిక్కంతా ఆ ధీమాతోనే. ఓడ అనుభవం ఓడ లోపలే పనికొస్తుంది. మధ్యధరాలో ప్రయాణం బాగుపడేదీ చెడేదీ ఒడ్డు మీద. అందుకే పాత క్రూజ్ యాత్రికులు తమకు అలవాటైన వరసను తిరగేసుకోవాలి. ముందు రేవులు, ఆ తర్వాత నెల, చిట్టచివర ఓడ.

ఎందుకంటే మనకు దగ్గరలో దొరికే క్రూజ్‌లలో ఓడే గమ్యం. ‘ఎంప్రెస్’నే తీసుకోండి. 1990లో ‘నార్డిక్ ఎంప్రెస్’ పేరుతో నీళ్లలోకి దిగినప్పుడే దాన్ని మూడు నాలుగు రాత్రుల చిన్న విహారాల కోసం తయారు చేశారు. సింగపూర్ నుంచి బయలుదేరేవీ అంతే. ఒక రేవు, ఒక పూర్తి సముద్రపు రోజు, మిగతా సమయమంతా ఈతకొలను, ప్రదర్శనలు, బఫే. రేవులో దిగకపోయినా పెద్ద నష్టం లేదు. పశ్చిమ మధ్యధరాలో వారం రోజుల ప్రయాణం అలా ఉండదు. బార్సిలోనా, మార్సెయ్, జెనోవా, చివితావెక్కియా, నేపుల్స్, పలెర్మో లాంటి రేవులు రోజుకొకటి చొప్పున వస్తాయి. మొత్తం మీద సముద్రంలో గడిపే పగలు ఒక్కటి ఉంటే ఎక్కువ. పొద్దున్నే దిగి, సాయంత్రానికి కాళ్లీడ్చుకుంటూ ఎక్కి, రాత్రి నిద్రపోవడమే. నీటిజారుడు బల్లలు, ఐస్ స్కేటింగ్ రింకు చూసి ఓడను ఎంచుకున్నవాళ్లు ఆ వారంలో వాటిని వాడుకునే గంటలెన్నో లెక్కవేసుకుంటే, ఎక్కువ డబ్బు ఎక్కడ పోసిందీ అర్థమవుతుంది.

ఇక రేవుల పేర్ల సంగతి. బ్రోచర్‌లో ‘రోమ్’ అని రాసి ఉంటుంది. ఓడ ఆగేది చివితావెక్కియాలో. అక్కడి నుంచి రోమ్ 70 కిలోమీటర్ల పైనే. ఓడ ఏడింటికి గట్టు తాకిందనుకుందాం. దిగడానికి అనుమతి వచ్చి, రేవు లోపలి బస్సులో బయటికి చేరి, స్టేషన్‌కు వెళ్లి, రైలు పట్టుకుని, సుమారు గంట ప్రయాణించి నగరంలో అడుగుపెట్టేసరికి పది. సాయంత్రం ఏడింటికి ఓడ కదులుతుందంటే ఆరు, ఆరున్నరకల్లా లోపల ఉండాలి. ఆలస్యమైన రైళ్లను కూడా లెక్కలో వేసుకుంటే నాలుగింటికి ముందే రోమ్ వదలాలి. మిగిలినవి ఆరు గంటలు, అందులోనే భోజనం. వాటికన్ మ్యూజియం, కొలోసియం రెండూ చూడాలనుకుంటే ఏదీ చూసినట్టుండదు. ఫ్లోరెన్స్‌దీ ఇదే కథ. ఓడ ఆగేది లివోర్నోలో, ఫ్లోరెన్స్‌కు రైల్లో గంటన్నర. అదే పీసాకు పావుగంట, ఇరవై నిమిషాలు. వెనిస్ పరిస్థితి ఇంకా మారిపోయింది. 25,000 టన్నులు దాటిన ఓడలు సాన్ మార్కో ముందు నుంచి, జుదెక్కా కాలువలో నుంచి వెళ్లకూడదని ఇటలీ ప్రభుత్వం 2021 ఆగస్టు 1 నుంచి నిషేధం పెట్టింది. ఇప్పుడు ‘వెనిస్’ అని అమ్మే ప్రయాణాల్లో కొన్ని పక్కనున్న మర్గేరా పారిశ్రామిక రేవులో ఆగుతాయి, కొన్ని రవెన్నాలోనో త్రియెస్తెలోనో ఆగుతాయి. ఆ రెండు చోట్ల నుంచీ వెనిస్‌కు సుమారు రెండు గంటలు. తమాషా ఏమిటంటే, రవెన్నాలో పదిహేను వందల ఏళ్లనాటి రంగురాళ్ల కుడ్యచిత్రాలున్నాయి, యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయి. వాటిని పక్కనే పెట్టుకుని జనం వెనిస్ బస్సెక్కుతారు.

దీన్నిబట్టి రేవులను రెండు రకాలుగా చూడాలి. గట్టు మీద కాలు పెడితే ఊళ్లో ఉన్నట్టే అనిపించేవి కొన్ని. నేపుల్స్‌లో ఓడ దిగితే ఎదురుగా కోట. పాంపేయి శిథిలాలు 25 కిలోమీటర్ల దూరంలో, లోకల్ రైలు దొరుకుతుంది. మాల్టాలోని వలెట్టాలో రేవు ఒడ్డు నుంచి లిఫ్టెక్కితే కోటగోడల మీది తోటలో తేలతారు. పిరేయస్ నుంచి ఏథెన్స్ నడిబొడ్డుకు మెట్రోలో అరగంట లోపే. బార్సిలోనా, డుబ్రోవ్‌నిక్, కోటోర్ కూడా ఈ జాతివే. రెండో రకం చివితావెక్కియా, లివోర్నో, రవెన్నా. అసలు ఊరు దూరంగా ఉండి, రేవు పేరుకే మిగిలేవి. మూడోది అనాల్సినంత ప్రత్యేకం సంతోరిని. అక్కడ పెద్ద ఓడకు గట్టు లేదు. నడి నీళ్లలో ఆగితే చిన్న టెండర్ పడవల్లో ఒడ్డుకు చేర్చాలి. అక్కడి నుంచి కొండ మీది ఊరికి కేబుల్ కారు, లేదా దాదాపు ఆరువందల మెట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కేబుల్ కారు వరసలో నిలబడే సమయం కూడా లెక్కేసుకోవాలి. గాలి ఎక్కువైతే టెండర్లు నడవవు, ఓడ ఆ రేవునే వదిలేసి ముందుకు పోతుంది. ఏజియన్ సముద్రంలో జులై, ఆగస్టుల్లో ‘మెల్తెమీ’ అనే ఉత్తరపు గాలి ఇలాంటి పని చేస్తూనే ఉంటుంది. 2025 నుంచి సంతోరినిలో క్రూజ్ ప్రయాణికులను రోజుకు 8,000కు పరిమితం చేశారు. అదే ఏడాది జులై నుంచి గ్రీసు రేవు పన్ను కూడా మొదలైంది. సంతోరిని, మికోనోస్‌లలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనిషికి 20 యూరోలు, మిగతా నెలల్లో తక్కువ.

ఇంత తలనొప్పి ఎందుకు, ఓడవాళ్లే నడిపే విహారయాత్రలు కొనేస్తే సరిపోదా అని ఎవరైనా అడగవచ్చు. దూరపు రేవుల్లో ఆ మాట నిజమే. ఓడవాళ్ల బస్సు దారిలో ఇరుక్కుంటే ఓడ ఆగుతుంది. మీ అంతట మీరు పట్టుకున్న రైలు ఆలస్యమైతే ఆగదు. లివోర్నో నుంచి ఫ్లోరెన్స్ వెళ్లి తీరాలనుకునేవాళ్లు ఆ బస్సుకు డబ్బు కట్టడమే మేలు. కానీ నేపుల్స్‌లోనూ ఏథెన్స్‌లోనూ నలభై మంది వెనక జెండా పట్టుకున్న గైడ్‌ను చూసుకుంటూ నడవడానికి అంత చెల్లించడం అనవసరం. టాటానగర్ నుంచి హావ్‌డా వెళ్లి అక్కడి మెట్రో ఎక్కగలిగినవాళ్లకు పిరేయస్ మెట్రో బ్రహ్మవిద్యేమీ కాదు. అయితే ప్రవేశ టికెట్లు ముందే కొనుక్కోవాలి. అక్రోపోలిస్‌కు 2023 సెప్టెంబరు నుంచి గంటల వారీ టికెట్లు, రోజుకు 20,000 మందికే ప్రవేశం. రేవు దిగి కౌంటరు దగ్గరికి వెళ్లి చూద్దామనుకుంటే ఆ పూటకు టికెట్ మిగలకపోవచ్చు.

దూరపు రేవు సమస్యకు ఇంతకన్నా మంచి విరుగుడు ఒకటుంది, చాలామందికి తట్టదు. మధ్యధరాలో కొన్ని కంపెనీల ఓడలు వలయంలా తిరుగుతాయి. బార్సిలోనాలో ఎక్కేవాళ్లు బార్సిలోనాలో, జెనోవాలో ఎక్కేవాళ్లు జెనోవాలో, చివితావెక్కియాలో ఎక్కేవాళ్లు అక్కడే దిగుతారు. అంటే అన్నిటికన్నా దూరంగా, కష్టంగా ఉన్న రేవునే ఎక్కే చోటుగా పెట్టుకోవచ్చు. రోమ్‌కు విమానంలో వెళ్లి, మూడు రోజులు తీరుబడిగా చూసి, నాలుగో రోజు రైల్లో సామానుతో చివితావెక్కియా చేరితే ఆ ఆరు గంటల పరుగు అసలుండదు. ఓడ సమయానికి విమానం అందుతుందో లేదో అన్న బెంగ కూడా తీరుతుంది. కోల్‌కతా నుంచి ఐరోపాకు ఎక్కువగా దుబాయ్, దోహా, అబుదాబీల మీదుగానే వెళ్లాలి. మధ్యలో ఒక్క విమానం తప్పినా ఓడ మన కోసం ఆగదు గనుక ఒక రోజు ముందైనా చేరడం ఎలాగూ తప్పనిసరి. ఆ ఒక్క రోజును మూడు చేసుకోమనే ఇక్కడ చెబుతున్నది.

ఈ మూడు రోజులు వీసాకూ పనికొస్తాయి. షెంగెన్ వీసాకు దరఖాస్తు ఎక్కువ రోజులు గడిపే దేశానికి పెట్టాలి, సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. క్రూజ్‌లో రోజుకో దేశం కాబట్టి లెక్క తేలక తికమక పడతారు. రోమ్ రోజులు కలిస్తే ఇటలీయే ముఖ్య గమ్యమని స్పష్టంగా చూపవచ్చు. ఇటలీకి కోల్‌కతాలో కాన్సులేట్ జనరల్ ఉంది, ఢిల్లీ దాకా పరుగెత్తనక్కరలేదు. వీసా రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టవచ్చు. ఆ మొదటి నెలలోనే పెట్టడం ఉత్తమం. క్రూజ్ కంపెనీలు మిగతా సొమ్మును సాధారణంగా రెండు మూడు నెలల ముందే కట్టమంటాయి, ఆ గడువు దాటాక వీసా రాకపోతే నష్టం మనదే. ఓడ మధ్యలో టర్కీలోని కుషదసికో మాంటెనెగ్రోలోని కోటోర్‌కో వెళ్లి తిరిగి గ్రీసుకో ఇటలీకో వస్తే, షెంగెన్ ప్రాంతం దాటి మళ్లీ ప్రవేశించినట్టు లెక్క. ఒకే ప్రవేశపు వీసా అక్కడ చాలదు, పలుసార్లు ప్రవేశించే వీసానే అడగాలి. టర్కీకి విడిగా వీసా కావాలో లేదో క్రూజ్ కంపెనీని ముందే అడగాలి. ఆ రేవులో దిగబోమని చెప్పినా, కావలసిన పత్రాలన్నీ ఎక్కేటప్పుడే చూపమనవచ్చు.

నెల విషయంలో జంషెడ్‌పూర్ వాసులకు కాలం కలిసొస్తుంది. మధ్యధరాకు మంచి రోజులు మే నెల, సెప్టెంబరు, అక్టోబరు మొదటి సగం. ఝార్ఖండ్ బడుల వేసవి సెలవులు మే, జూన్‌లలోనే. బోనస్ చేతికొచ్చేది దుర్గాపూజకు ముందు, ఆ సెలవులు పడేది చాలాసార్లు అక్టోబరులో. వేసవంతా వేడెక్కిన సముద్రం అక్టోబరులోనూ గోరువెచ్చగా ఉంటుంది, రద్దీ తగ్గుతుంది. పూజ రోజుల్లో ఊరొదిలి పోవడమేమిటని ఇంట్లో పెద్దలు అభ్యంతరం చెబితే దానికి నా దగ్గర జవాబు లేదు, మే నెలే దిక్కు. దసరా మరీ ఆలస్యమైన ఏడాది కూడా జాగ్రత్త పడాలి. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పాక రోమ్‌లో సాయంత్రం ఐదు దాటగానే పొద్దు గుంకుతుంది, వానలూ మొదలవుతాయి. ఇక నలభై నాలుగు డిగ్రీల ఎండ చూసిన మనకు జులై ఏథెన్స్ ఒక లెక్కా అనే వీరులుంటారు. మన ఊళ్లో ఆ ఎండలో మధ్యాహ్నం పన్నెండింటికి ఎవరూ నీడలేని రాతి గుట్ట ఎక్కరు. క్రూజ్‌లో రేవు సమయం అచ్చంగా ఆ గంటల్లోనే ఉంటుంది. పైగా 2023 జులైలోనూ ఆ తర్వాతి వేసవుల్లోనూ వడగాలుల రోజుల్లో అక్రోపోలిస్‌ను మధ్యాహ్నం మూసేశారు.

అసలు ఇన్ని తిప్పలతో క్రూజ్ ఎందుకు, రైళ్లలో తిరిగితే పోలేదా? ఇది గట్టి ప్రశ్నే. ఇటలీ ఒక్కటే చూడాలనుకునేవాళ్లకు రైలే నయం, క్రూజ్ వద్దు. కానీ డెబ్బైకి దగ్గరైన దంపతులు నాలుగు దేశాలు చూడాలనుకుంటే, రోజూ పెట్టె సర్దకుండా, లిఫ్టు లేని పాత హోటళ్లలో మెట్లెక్కకుండా, రాత్రి పడుకుని పొద్దున మరో దేశంలో లేవడం చిన్న సౌకర్యం కాదు. ఏజియన్ దీవులకు, మాల్టాకు రైలు ఎలాగూ పోదు. ఓడ విలువ అక్కడుంది, తిరునాళ్లలో సత్రం విలువలాగా. అలా చూసినప్పుడు బాల్కనీ గదికి పెట్టే అదనపు డబ్బులో సగం రోమ్ హోటలుకు మళ్లించడం కష్టమనిపించదు. పగలంతా ఊళ్లో ఉండేవాళ్లకు బాల్కనీలో కూర్చునే తీరిక ఎక్కడిది? అమెరికన్ కంపెనీల ఓడల్లో తలకు రోజుకు పదిహేను డాలర్ల పైనే సేవా రుసుము విడిగా పడుతుంది, దాన్ని మొదటే టికెట్ ధరకు కలిపి పోల్చాలి. ఏజెంటు ప్యాకేజీ మీద ముందే పట్టుకునే పన్ను, టీసీఎస్, మాత్రం ఆ ఏడాది ఆదాయపు పన్ను రిటర్నులో జమ చూపించుకోవచ్చు. శాకాహారులు ఆ విషయం బుకింగ్‌లోనే రాయించాలి, సింగపూర్ ఓడల్లోలా భారతీయ వంట ప్రతిపూటా ఉంటుందనుకోవద్దు. ఓడలో ఎన్ని రెస్టారెంట్లున్నాయో ఏజెంటు అడగకుండానే చెబుతాడు. రేవు రోజుల్లో పొద్దున ఆరున్నరకు పలహారం పెడతారో లేదో మనమే అడిగి తెలుసుకోవాలి.