దండ కలిసేదెవరితో?

మా ఇల్లు హైదరాబాద్ శివారు జల్‌పల్లిలో. నిరుడు సెలవులకు వెళ్ళినప్పుడు, పొద్దున్నే పక్కింటి పిల్లాడు స్కూల్ బ్యాగు బదులు ఫైలు పట్టుకుని ఆటో కోసం నిలబడ్డాడు. తొమ్మిదేళ్ళుంటాయి. "ఇయ్యాల బ్లడ్ ఎక్కిచ్చుకునే రోజు అంకుల్" అన్నాడు, ఇవాళ పరీక్ష ఉంది అన్నంత మామూలుగా. తలసీమియా మేజర్. మూడు వారాలకోసారి చాంద్రాయణగుట్ట మీదుగా ఆరాంఘర్ దాటి శివరాంపల్లి వెళ్తారు. 1998లో మొదలైన తలసీమియా అండ్ సికిల్‌సెల్ సొసైటీ అక్కడే ఉంది. ఆ రోజు నేనూ వాళ్ళతో వెళ్ళాను.

పిల్లాడి చేతికి సూది పెట్టాక వాళ్ళమ్మ నాకు రక్తం సంచిని కాదు, గొట్టం మధ్యలో ఉన్న చిన్న డబ్బీని చూపించింది. "గా ఫిల్టర్ లేంది ఎక్కియ్యనియ్య అన్నా. తెల్లకణాలు లోపలికి పోవద్దు."

బడి మధ్యలో మానేసిన ఆ తల్లికి తెలిసిన ఆ ముక్కలోనే అసలు శాస్త్రమంతా ఉంది. తెల్లకణాల పైన హెచ్.ఎల్.ఎ. అనే గుర్తులుంటాయి. ఎర్రకణాల మీద అవి లేనట్టే. పరాయి గుర్తులు మాటిమాటికీ కనబడితే పిల్లాడి ఒంట్లో వాటికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారవుతాయి. రేపు ఈ జబ్బు నయం కావడానికి మూలుగ మార్పిడి చేయాల్సి వస్తే అవే అడ్డం పడతాయి. ఫ్రాన్సులో జాన్ డోసే ఈ గుర్తుల్లో మొదటిదాన్ని 1958లో పట్టుకున్నది కూడా, రక్తం ఎక్కించుకున్నవాళ్ళలో పుట్టిన ఇలాంటి యాంటీబాడీల ద్వారానే. 1980లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ గుర్తుల జన్యువులు ఆరో క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి. దారానికి గుచ్చిన పూసల్లా, దాదాపు ఎప్పుడూ విడిపోకుండా మొత్తం దండగా పిల్లలకు దిగుతాయి. నాన్న దగ్గర రెండు దండలు, అమ్మ దగ్గర రెండు. బిడ్డకు ఒక్కొక్కరి నుంచి ఒక్కొక్కటి. కాబట్టి తోడబుట్టినవాళ్ళకు రెండు దండలూ కలిసే అవకాశం నాలుగింట ఒకటి. తలసీమియా జన్యువు ఉండేది పదకొండో క్రోమోజోమ్ మీద, అంటే దీనితో సంబంధం లేకుండా అది వేరేగా దిగుతుంది. మూలుగ ఇవ్వాలంటే దండలు కలవాలి, ఆ తోబుట్టువుకు జబ్బూ ఉండకూడదు. రెండూ లెక్కేస్తే పదహారింట మూడు, నూటికి 19 కూడా నిండదు. ఈ పిల్లాడికి ఒక్కతే అక్క. "సగమే కలిసిందన్నా" అంది తల్లి. సగం కలిసినా ఇప్పుడు మార్పిడి చేస్తున్నారు, కానీ ముప్పు ఎక్కువ.

ఆమె చేసుకున్నది సొంత మేనబావను. అందుకే ఈ జబ్బు వచ్చిందని చుట్టాలు ఆమె ముఖం మీదే అన్నారట. ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది. మేనరికంలో ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ, నిజమే. అందుకే పెళ్ళికి ముందు హెచ్.బి.ఎ.2 రక్తపరీక్ష చేయించుకోవాలి, మేనరికమైనా కాకపోయినా. కానీ అదే మేనరికంలో ఒకే దండలు కూడా మళ్ళీ మళ్ళీ కలుస్తాయి. అందుకే ఇలాంటి కుటుంబాల్లో తోబుట్టువులతో ఆపకుండా తల్లిదండ్రుల్లో, మేనత్త మేనమామల పిల్లల్లో కూడా వెతకాలి. నింద వేసిన ఆ చుట్టాల్లోనే ఒకరి దండ కలవచ్చు.

కిడ్నీ మార్పిడిలో రక్తం గ్రూపు ముందు చూస్తారు, హెచ్.ఎల్.ఎ. కొంత కలవకపోయినా మందులతో నెట్టుకొస్తారు. మూలుగ విషయంలో తిరగబడుతుంది. గ్రూపు వేరైనా ఫరవాలేదు, దండలు కలవడమే ముఖ్యం. లేకపోతే వచ్చిన కణాలే రోగి చర్మం మీద, పేగుల మీద, కాలేయం మీద దాడి చేసే ముప్పు ఎక్కువ. ఆ దాడిని ఆపడానికి మార్పిడి జరిగిన తొలి రోజుల్లో ఇచ్చే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన మందు అది.

మార్పిడితోనే కాదు, ఈ హెచ్.ఎల్.ఎ. గుర్తులకు జబ్బులతోనూ సంబంధముంది. బి27 ఉన్నవాళ్ళలో కొందరికి వెన్నెముక బిగుసుకుపోయే వాతం వస్తుందని 1973లోనే తేలింది. బి*15:02 ఉన్నవాళ్ళకు ఫిట్స్ మందు కార్బమజెపైన్ ఇస్తే చర్మం ఊడిపోయేంత ప్రమాదం రావచ్చు. ఆసియా మూలాలున్నవాళ్ళకు ముందే పరీక్ష చేయమని అమెరికా ఎఫ్.డి.ఎ. 2007లో చెప్పింది. ఆ మందు రాయించుకునే తెలుగువాళ్ళు డాక్టరును ఈ మాట అడగండి.

మళ్ళీ మూలుగ దగ్గరికొస్తే, కలిసే దాత ఇంట్లో దొరక్కపోతే దాతల పేర్లుండే జాబితా, అంటే రిజిస్ట్రీయే దిక్కు. అమెరికా రిజిస్ట్రీ మీద 2014లో వచ్చిన అధ్యయనం ప్రకారం పూర్తిగా కలిసే దాత దొరికే అవకాశం ఐరోపా మూలాల తెల్లవారికి నూటికి 75, దక్షిణాసియావాళ్ళకు 33. మన దండలు మనవాళ్ళలోనే ఉంటాయి, మనవాళ్ళ పేర్లేమో జాబితాలో తక్కువ. 2007లో కాలిఫోర్నియాలో ల్యుకేమియా వచ్చిన ఇద్దరు భారతీయ సంతతి యువకుల కోసం వాళ్ళ స్నేహితులు తిరిగితే పదకొండు వారాల్లో 24,000 మందికి పైగా పేర్లిచ్చారు. ఆ ఇద్దరూ దక్కలేదు. ఆ పేర్లు మాత్రం ఎందరికో వెతుకులాటలో పనికొచ్చాయి.

పేరివ్వడమంటే దూదిపుల్లతో బుగ్గ లోపల రుద్దడమే. ఇండియాలో 2009 నుంచి దాత్రి సంస్థ ఈ పని చేస్తోంది. మూలుగను వెన్నుపాములోంచి తీస్తారని మన పెద్దవాళ్ళు భయపడతారు, అది నిజం కాదు. ఎక్కువసార్లు నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, ప్లేట్‌లెట్లు తీసినట్టే చేతి నరం నుంచి కొన్ని గంటల్లో కణాలు తీసుకుంటారు. అవి మళ్ళీ పుట్టుకొస్తాయి.

ఇంట్లోవాళ్ళతో ఈ మాట ముందే మాట్లాడుకోండి. రిజిస్ట్రీ నుంచి ఫోన్ వచ్చి ఒప్పుకున్నాక, చివరి రోజుల్లో అమ్మ ఏడ్చిందని వెనక్కి తగ్గకూడదు. అప్పటికి అవతల ఆసుపత్రిలో మందులిచ్చి రోగి సొంత మూలుగను పూర్తిగా చంపేసి ఉంటారు.