రాడార్‌కు దీమం

మచ్చిక చేసిన పక్షిని ఎదుట నిలిపి అడవి పక్షులను వలలోకి రప్పించడం వేటగాండ్ర పాత పద్ధతి. అట్టి పక్షిని తెలుగులో 'దీమం' అంటారు. నేటి గగన యుద్ధాలలో ఆ పాత్రను మానవరహిత విమానం, అనగా డ్రోన్, వహిస్తున్నది.

రాడార్ తాను పంపిన రేడియో తరంగం లక్ష్యానికి తగిలి తిరిగి వచ్చినప్పుడే చూడగలుగుతుంది. చూడాలంటే పలకక తప్పదు. పలికితే ఉనికి బయటపడుతుంది. దూరం రెట్టింపైతే విమానాన్ని చేరే తరంగశక్తి నాలుగో వంతుకు తగ్గుతుంది. రాడార్‌కు తిరిగి చేరే ప్రతిధ్వని పదహారో వంతుకు పడిపోతుంది. అందుచేత రాడార్ విమానాన్ని గుర్తించక మునుపే విమానంలోని గ్రాహకం రాడార్‌ను పసిగట్టగలదు. ఇట్టి సాధనాలను మనదేశంలో హైదరాబాదులోని రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాల రూపొందిస్తున్నది. కాని మౌనం వహించిన రాడార్‌ను ఏ గ్రాహకమూ వినలేదు. ఆ మౌనాన్ని భంగపరచడమే దీమం పని.

చిన్న డ్రోన్ యుద్ధవిమానంగా భ్రమింపజేయడం ఎట్లా? లూనెబర్గ్ కటకమనే గోళాన్ని అమర్చితే అది తనపై పడిన తరంగాలను వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతుంది. కొన్నింటిలో అందుకున్న సంకేతాన్ని బలపరచి పంపే ప్రసారిణి ఉంటుంది. తెరపై కనిపించేది చుక్కయే గాని ఆకారం కాదు గదా!

1973 అక్టోబరు యుద్ధంలో శామ్-6 క్షిపణులకు అనేక విమానాలను కోల్పోయిన ఇజ్రాయెల్, 1982 జూన్ 9న లెబనాన్‌లోని బెకా లోయలో ముందుగా డ్రోన్లను పంపింది. సిరియా రాడార్లు మేల్కొన్నాయి. వాటి జాడ తెలిసిన వెంటనే అసలు దాడి జరిగి, క్షిపణి స్థావరాలలో అధికభాగం నాశనమైనవి. 1991 జనవరిలో ఇరాక్‌పై అమెరికా చుకార్ డ్రోన్లను ఇట్లే ప్రయోగించింది. వాటిని చూడబోయిన రాడార్ల తరంగాలనే దారిగా పట్టుకొని హార్మ్ క్షిపణులు వచ్చి పడినవి. 2020 నాగోర్నో-కరబఖ్ యుద్ధంలో అజర్‌బైజాన్‌కు, పైరులపై మందు చల్లడానికి వాడే పాత ఆంటొనోవ్-2 విమానాలే చోదకుడు లేని దీమాలుగా ఉపకరించినవి.

తెర ముందు కూర్చున్న సైనికుని సంకటం చిన్నది కాదు. ఆ చుక్క దీమమో, బాంబులు మోసే విమానమో కొద్ది క్షణాలలో తేల్చుకోవాలి. రాడార్ నడిపితే తన ప్రాణానికి ముప్పు. ఆపితే తన వెనుకనున్న నగరానికి. 1999లో యుగోస్లావియా దళాలు రెండవ ముప్పునే ఎంచుకొన్నవి. రాడార్లను కొద్ది సెకన్లు మాత్రమే నడిపి, తరచు చోటు మార్చేవి. మార్చి 27న అమెరికా ఎఫ్-117 విమానాన్ని కూల్చగలిగినవి కూడా. 78 రోజుల దాడుల అనంతరం వారి సంచార క్షిపణి దళాలు చాలావరకు మిగిలే ఉన్నవి. అయితే అన్ని రోజులలో వారు కూల్చిన చోదకసహిత విమానాలు రెండే.